చెయ్యి లేవని వీరుడు

కత్తెరక్కకి కోపం వచ్చిన రోజున కుట్టుమిషను కూడా దారం తెంపకుండా ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుస్తుందని వీధిలో చెప్పుకునేవారు. అది కాస్త ఉప్పూకారం దట్టించిన మాట. మిషను మామూలుగానే నడిచేది, వీధే ఒళ్లు దగ్గర పెట్టుకునేది. పాతసామాన్లవాడు ఆమె కిటికీ దాకా గొంతు చించుకుని వచ్చి, కిటికీ కింద మాత్రం గుసగుసగా "పాత ఇనుము" అని, మలుపు తిరిగాక మళ్లీ గొంతెత్తేవాడు.

ఆ వారమంతా పాపం వాడు గుసగుసలే. కత్తెరక్క తమ్ముడి మీద మండిపడుతోంది.

ఆ తమ్ముణ్ణి అందరూ బల్లి అంటారు. ఎత్తయిన మేడల గోడలకి తాళ్ల మీద వేలాడుతూ బయటివైపు అద్దాలు తుడవడం వాడి పని. ఊళ్లో ఒక పిల్లల ఆసుపత్రి ఉంది. దాని అద్దాలు ఏడాదికొకసారి వేడుకగా తుడుస్తారు. తుడిచేవాళ్లు సాహసవీరుల వేషాలు వేసుకుని పైకప్పు మీంచి దిగుతారు, మంచాల మీద పిల్లలు సూదులూ మందులూ మరిచిపోయి కిటికీలకి అతుక్కుంటారు. ఈసారి అందరికన్నా ముందు దిగేది బల్లి.

రెండేళ్ల కిందట అలా ముందు దిగినవాడు కత్తెరక్క మొగుడు. కొంతదూరం తాడుతో దిగాడు, మిగతాది తాడు లేకుండా దిగాడు. అంతే తేడా.

కుడికాలు మూడుచోట్ల విరిగింది. ఇప్పుడాయన గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, పెళ్లాం కుట్టిన చొక్కాలకి బొత్తాలు వేస్తూ ఉంటాడు. బొత్తాం ఒకటి పడితే కథ ఒకటి పడుతుంది. పడింది రెండో అంతస్తు సజ్జ మీంచి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికే అది నాలుగో అంతస్తయింది. చొక్కాలు పెరిగినకొద్దీ అంతస్తులు పెరిగాయి. ఒకసారి గాలి ఎత్తి పడేసింది, ఒకసారి గద్ద వచ్చి నెత్తిన తన్నింది, మొన్నటికి మొన్న మబ్బు ఒకటి అడ్డం వచ్చి దారి కనపడలేదు. అద్దాలు తుడిచేవాడికి మబ్బు అడ్డొస్తే తుడిచేసుకోవచ్చు కదా అని ఎవరూ అడగలేదు, కథ అంత బాగుండేది. వీధివాళ్లు ఆయనకి ఆకాశం అని పేరు పెట్టారు. ఆయనకి ఆ పేరు ముద్దు. కత్తెరక్కకి ఆ పేరు వింటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అలాంటి ఇంటికి బల్లి ఒక పొద్దున సంచి చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అక్కా, ఒక డ్రెస్సు కుట్టాలి."

"ఎవరికి?"

"నాకే. వీరుడి డ్రెస్సు. ఒంటికి అతుక్కున్నట్టుండాలి. చూడు, గుడ్డ కూడా తెచ్చా." ఆకుపచ్చ గుడ్డ తీసి రెండు చేతులతో లాగి చూపించాడు. అది మూర నుంచి బారకి సాగి, మళ్లీ మూరకి వచ్చింది. "ఛాతీ మీద అద్దాలు తుడిచే బద్ద బొమ్మ పసుపు రంగులో. నేను అద్దాల వీరుణ్ణి."

"నువ్వు అడ్డగాడిదవి," అంది కత్తెరక్క.

"అదీ నిజమే. దానికి కొలతలు వేరే ఉండవు కదా."

గుమ్మం పక్క నుంచి ఆకాశం నవ్వాడు. ఆమె అటు ఒక్క చూపు చూసింది. ఆ నవ్వు అక్కడే దగ్గుగా మారిపోయింది.

"ఒరేయ్, ఆ మనిషి కాలు చూశావా? పోనీ కర్ర చూశావా? ఇంకో కర్రకి చోటు లేదురా నా ఇంట్లో!"

"బావకి జరిగిందని నాకూ జరుగుతుందా? కొత్త తాళ్లు, కొత్త బెల్టులు. మేస్త్రీ నన్నే ముందు దిగమన్నాడు. అక్కా, ఆ పిల్లలు..."

"పిల్లల పేరెత్తకు. పిల్లల పేరెత్తితే నేను మెత్తబడతానని ఎవడు చెప్పాడు నీకు? ఆయనేనా?"

"నేను బొత్తాలు కుట్టుకుంటున్నానే," అన్నాడు ఆకాశం.

బల్లి సంచి అడుగు నుంచి ఇంకోటి తీశాడు. కాళ్ల దగ్గర కత్తిరించి ఉన్న, వెలిసిపోయిన పాత వేషం. "ఇది బావ అప్పుడు కొట్లో కొన్నది. మేస్త్రీ గదిలో మూలన పడుంది. నమూనాకి పనికొస్తుందని..."

కత్తెరక్క దాన్ని వాడి చేతిలోంచి లాక్కుని, చూడనైనా చూడకుండా ఉండచుట్టి, మిషను తుడిచే పేలికల బుట్టలోకి విసిరింది. తర్వాత లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడుకి పాతసామాన్లవాడు వీధిలో ఆగిపోయాడు.

కుట్టనంటే ఏమవుతుంది? కొట్లో ఏదో రెడీమేడుది కొనుక్కుని దిగుతాడు. వాడు ఆగడు. చిన్నప్పుడు జ్వరంలో కూడా గోడెక్కిన వెధవ. ఆపాలంటే వాడి నోటితోనే "నా వల్ల కాదు" అనిపించాలి. ఆ ఆలోచన వచ్చాక ఆమె బయటికొచ్చి, "చొక్కా విప్పి బనియను మీద నిలబడు," అంది.

బల్లి మురిసిపోయాడు. ఆకాశం మాత్రం బొత్తాం ఆపి పెళ్లాం వైపు అనుమానంగా చూశాడు. ఆవిడ అంత తొందరగా ఒప్పుకున్న సందర్భం పెళ్లి చూపుల్లో కూడా లేదు.

ఒంటికి అతుక్కునే బట్టకి టేపు పట్టి కొలతలు రాసుకుంటే చాలదు, ఒంటినే అచ్చు తీయాలి. పాత బనియను వేసి, మెడ నుంచి మణికట్ల దాకా పెట్టెలకి అతికించే టేపు చుట్టేసింది. చుట్టేటప్పుడు చర్రుచర్రున టేపు చింపుతుంటే ప్రతి చప్పుడుకీ బల్లి కళ్లు మూసుకున్నాడు.

"ఊపిరి పీల్చుకుని పొట్ట లోపలికి పెట్టావేంరా? వదులు!"

"వదిలేశానక్కా. ఇదే నా పొట్ట."

"అబద్ధాలకోరు వెధవా. వదులు."

"ముక్కు దురద పెడుతోంది, కాస్త గోకవా?"

"అద్దాల వీరుడు ముక్కు గోక్కోలేడా?"

"చేతులు అతికించేశావుగా!"

"ఇప్పుడు తెలిసిందా, చెయ్యి లేవకపోతే ఎలా ఉంటుందో?" అని ముక్కు మీద స్కెచ్ పెన్నుతో ఒకటిచ్చింది. ఆ పెన్నుతోనే టేపు మీద కుట్లు ఎక్కడ రావాలో గీతలు గీసి, వెనకవైపు కత్తెరతో కోసి, పామును కుబుసంలోంచి లాగినట్టు వాణ్ణి లాగేసింది. గీతల వెంబడి ముక్కలు చేస్తే అచ్చులు తయారు.

రెండురోజులు మిషను దడదడలాడింది. సాగే గుడ్డకి మొన గుండ్రంగా ఉన్న సూది వేయాలి, కుట్టు వంకరటింకరగా పోవాలి, లేకపోతే గుడ్డ సాగినప్పుడు దారం పుటుక్కుమంటుంది. గుడ్డని ఒంటికన్నా కాస్త చిన్నదిగానే కోయాలి, అప్పుడే పట్టి ఉంటుంది. ఇవన్నీ ఆమె సరిగ్గానే చేసింది. రెండు పనులు మాత్రం సరిగ్గా చేయలేదు. చంక కింద చెయ్యి లేవడానికి పలక ఆకారంలో ఒక ముక్క వేస్తారు. చేతులు అలవాటు కొద్దీ ఆ రెండు ముక్కలూ కోసేశాయి. ఆమె వాటిని చూసి, సొరుగులో పడేసి, సొరుగు మోకాలితో మూసింది. తర్వాత నడుము నుంచి చంక మీదుగా మోచేతి దాకా, కుట్టు లోపలివైపు, ఏమాత్రం సాగని నాడా పెట్టి కుట్టింది. ఇక ఆ వేషంలో చెయ్యి భుజం దాకా వస్తుంది. ఆ పైకి, గుర్రాన్ని కట్టి లాగినా రాదు.

వేసుకుంటాడు, చెయ్యి లేవదు, లబోదిబోమంటాడు. గుడ్డ అయిపోయింది, మళ్లీ కుట్టడానికి టైము లేదు అంటుంది. వేషం లేనివాణ్ణి మేస్త్రీ దింపడు. మంచం మీద పిల్లలకి వీరుడు వేరేవాడు దొరుకుతాడు. ఆమెకి తమ్ముడు ఇంకోడు దొరకడు. అదీ లెక్క.

ఆ లెక్కలో ఒక తప్పుంది. ఇరుకుగా ఉందని ఒప్పుకోవడం వాళ్ల వంశంలో లేదు. వాళ్ల నాన్న ఒకసారి రెండు సైజులు తక్కువ బూట్లు కొని, కొట్టువాడి ముందు "సరిపోయాయి" అన్న పాపానికి, అవి అరిగిపోయేదాకా వేళ్లు ముడుచుకుని నడిచాడు. ఆయన నడక చూసి ఊళ్లో కోళ్లు సిగ్గుపడేవని చెబుతారు. కత్తెరక్క వేలి ఉంగరం ఏనాడో బిగుసుకుపోయింది. వాచిన వేలిని అందరికీ చూపించి, "సరిగ్గా సరిపోయింది" అంటుంది. తన ఇంటి సంగతి తనే మరిచిపోయింది, కోపం అలా మరిపిస్తుంది.

బల్లి లోపలి గదిలోకి వెళ్లి, దబదబా గోడలకి గుద్దుకుంటూ, వేషం ఎక్కించుకుని వచ్చాడు. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. ఒక్క ముడత లేదు. పచ్చటి మిడత నిలువెత్తయి గదిలోకి వచ్చినట్టుంది.

"ఎలా ఉంది?" అంది ఆమె, నడుం మీద చేతులేసుకుని.

"బ్రహ్మాండం అక్కా."

"బిగుతుగా లేదూ?"

"బిగుతా? ఇందులో ఇంకో మనిషి పడతాడు."

"ఆ అటక మీద డబ్బా దింపు."

బల్లి అటక వైపు చూశాడు. "వస్తా అక్కా, మేస్త్రీ ఎదురు చూస్తుంటాడు," అని, మామూలు బట్టలు సంచిలో కుక్కుకుని, వేషం మీదే చొక్కా తగిలించుకుని, చేతులు రెండూ పక్కలకి అతికించుకుని మెట్లు దిగిపోయాడు. ఆమె తిట్టడం మరిచిపోయింది. ఆ ఇంట్లో అది మొదటిసారి.

మర్నాడు, ఆసుపత్రి వేడుక రోజు పొద్దున, ఆమె మిషను తుడవడానికి కూర్చుంది. కోపం పోలేదు, ముదిరింది. ఒప్పుకోడా? ఆ పైకప్పు మీద అందరి ముందూ చెయ్యి లేవక, సిగ్గుపడి తనే వెనక్కి వస్తాడు, రానీ. నూనె తుడవడానికి పేలికల బుట్టలోకి చెయ్యి పెడితే ఆ పాత వేషం చేతికొచ్చింది.

ఈసారి చూసింది. చూడకుండా ఉండటం దర్జీ వల్ల కాదు.

చంక దగ్గర గుడ్డ తెల్లగా తేలిపోయి ఉంది. కుడివైపు కుట్టు దారాలు ఒకటొకటిగా తెగి, మిగిలినవి తెగడానికి తయారుగా ఉన్నాయి. ఊరికే తొడుక్కుంటే అలా కాదు. ఎవరో లోపలి నుంచి చెయ్యెత్తాలని మళ్లీ మళ్లీ, ప్రాణం పోయేలా గుంజుకుంటే అలా అవుతుంది. ఆమె వేషాన్ని తిరగేసింది. కుట్టు లోపల, నడుము నుంచి మోచేతి దాకా, సాగని నాడా. కొట్టువాడు గట్టిగా ఉండాలని వేసిన నాడా. చంక కింద ముక్క లేదు.

ఆమె చేతులు చల్లబడ్డాయి. మాట మాత్రం వేడిగానే వచ్చింది.

"ఏమండీ."

"ఊఁ."

"గాలి కాదు. గద్ద కాదు. ఆ మబ్బు అసలే కాదు."

ఆకాశం తలెత్తి, ఆమె చేతిలో గుడ్డ చూసి, సూది చొక్కాకి గుచ్చి పక్కన పెట్టాడు.

"దిగే తాడు కాక ఇంకో తాడు ఉంటుందే, దానికి తల పైన కొక్కెం," అన్నాడు నెమ్మదిగా. "జారితే పట్టుకోవడానికి. అది ఒక్కోసారి ఊరికే పట్టేస్తుంది. చెయ్యెత్తి విడిపించుకోవాలి. నాకు చెయ్యి లేవలేదు. లోపల పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, ఇదేదో ఆట అనుకుని. ఎంతసేపని వేలాడను? బెల్టు విప్పి సజ్జ మీద కాలు పెట్టా. సజ్జ తడిగా ఉంది."

"రెండేళ్లు!" కత్తెరక్క లేచిన వేగానికి స్టూలు బోర్లాపడింది. "రెండేళ్లు ఊరంతటికీ గద్దల కథలు చెప్పారు, నాకు ఈ ఒక్క ముక్క చెప్పలేకపోయారా?"

"నువ్వు దర్జీవి. చొక్కా బిగుతై పడ్డానంటే నవ్వుతావనుకున్నా."

"నవ్వేదాన్నా? నేను నవ్వడం ఎప్పుడు చూశారు మీరు!"

అది నిజమే కనుక ఆయన మళ్లీ సూది అందుకున్నాడు.

ఆమె ఫోను తీసింది. తీసి కూడా లాభం లేదు, తాడెక్కేవాళ్ల ఫోన్లన్నీ మేస్త్రీ కిందే డబ్బాలో వేయించేస్తాడు. సొరుగు లాగి రెండు పచ్చ ముక్కలూ, చిన్న కత్తెరా, సూదీ దారం ఉండా తీసుకుంది. "ఆ నాడా నేనే వేశా," అని గుమ్మంలో ఒక్క మాట అంది, ఎవరితో అన్నట్టూ కాకుండా. ఆకాశం కర్ర పట్టుకుని లేవబోయాడు. "మీరు కదలొద్దు! మీతో మాట్లాడాల్సింది చాలా ఉంది, వచ్చాక!" అని మెట్లు దిగింది.

బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. ఆగడం బస్సుకి అలవాటే కానీ, ఆరోజు ఆమె డ్రైవర్ని తిట్టిన తిట్లకి వాడు చివరి రెండు స్టాపులూ చూడనట్టు దాటేశాడంటారు. ఆసుపత్రి ముందు మనుషులు పైకి చూస్తూ నిలబడ్డారు. కత్తెరక్క పైకి చూడలేదు. లిఫ్టు దగ్గర వరస ఉంటే మెట్లెక్కింది. సజ్జ కనిపించే కిటికీ దాటేటప్పుడు గోడవైపు మొహం తిప్పుకుంది.

పైకప్పు తలుపు తోస్తే ఎండ కొట్టింది. మేస్త్రీ అడ్డం వచ్చాడు. "ఏమ్మా, బయటివాళ్లు పైకి రాకూడదు."

"మా తమ్ముడు ముందు దిగుతున్నాడా?"

"ఇప్పుడే దిగబోతున్నాడు."

"దిగడు," అని ఆయన్ని పక్కకి నెట్టింది.

బల్లి బెల్టు బిగించుకుని, తాళ్లు తగిలించుకుని, పిట్టగోడ మీద ఒక కాలు వేసి ఉన్నాడు. అక్కని చూసి మొహం వెలిగింది. "చూడటానికొచ్చావా?"

"కాలు దించు. చెయ్యెత్తు."

"ఎందుకక్కా?"

"ఎత్తరా!"

బల్లి ఎత్తాడు. భుజం దాకా వచ్చి ఆగింది. రెండో చెయ్యీ అంతే. చేలో దిష్టిబొమ్మలా నిలబడ్డాడు.

"ఇంకా పైకి."

"ఇంతే కదా ఎవరికైనా," అన్నాడు.

చుట్టూ ఉన్న వీరులందరూ, ఒకడు ఎర్రటివాడు, ఒకడు వెండిరంగువాడు, తమ చేతులెత్తి చూసుకున్నారు. అందరివీ పైదాకా లేచాయి. మేస్త్రీ మొహం మారిపోయింది.

"నిన్నటి నుంచీ బిగుతుగా ఉందని ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు కష్టపడి కుట్టావు కదా..."

"కష్టపడే కుట్టా! నీ చెయ్యి లేవకూడదని కావాలనే కుట్టా! ముక్క తీసేసి, నాడా వేసి మరీ కుట్టా!"

బల్లికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అయ్యాక మొహం ఎర్రబడింది. ఆకుపచ్చ బట్ట మీద ఆ ఎరుపు బాగా కనిపించింది.

"నన్ను చంపుదామనా?"

"ఆపుదామని!"

"ఆపాలంటే నోటితో చెప్పాలి!"

"వారం నుంచి నోటితో కాక ముక్కుతో చెబుతున్నానా? విన్నావా నువ్వు? మీ బావ విన్నాడా? మన ఇంట్లో ఒక్కడికైనా చెవులున్నాయా?"

"నీకున్నాయా? బ్రహ్మాండం అంటే నిజమనుకున్నావా? రాత్రంతా చంకలు మండిపోయాయి నాకు!"

"మరి విప్పెయ్యొచ్చు కదరా వెధవా!"

"విప్పితే మళ్లీ ఎక్కదేమోనని!"

మేస్త్రీ మధ్యలోకి వచ్చాడు. "ఇవాళ నువ్వు దిగడం లేదు. వెండివాణ్ణి ముందు పంపుతా."

అదే ఆమె వారమంతా కోరుకున్నది. చేతికి అందింది, ఊఁ అంటే చాలు. బల్లి పిట్టగోడకి ఆనుకుని, తల వంచుకుని, చంక తడుముకుంటున్నాడు. వీడు ఇవాళ ఆగుతాడు. రేపు తనతో మాట్లాడడు. వచ్చే ఏడాది కొట్లో కొన్న వేషం వేసుకుని, తనకి చెప్పకుండా దిగుతాడు, లోపల ఏ నాడా ఉందో చూసే దిక్కు ఉండదు. ఆ తర్వాత వీధిలో కూర్చుని గద్దల కథలు చెబుతాడు.

"కాసేపు ఆగండి మేస్త్రీ గారూ," అంది పళ్లు బిగించి. "ఒరేయ్, చెయ్యి అలాగే పెట్టు. కదిలావో, సూది ఎక్కడ దిగినా నాకు తెలీదు."

కత్తెర మొనతో చంక కుట్టు విప్పింది. నాడా బయటికి లాగి, పురుగుని తీసి పారేసినట్టు విసిరింది. పలక ముక్క అక్కడ పెట్టి, ఒంటి మీదే చేతికుట్టు వేయడం మొదలుపెట్టింది, ఒక అడుగు ముందుకీ అర అడుగు వెనక్కీ, గుడ్డ సాగినా తెగకుండా. బల్లికి చక్కిలిగింత. మెలికలు తిరిగి నవ్వుతాడు, నవ్వుతూనే తిడతాడు. ఆమె తిడుతూనే కుడుతుంది. ఎర్రవీరుడు వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు, వెండివీరుడు దారం ఉండ పట్టుకున్నాడు. సాహసాలు చాలా రకాలు.

రెండో చంక అయ్యాక, "ఎత్తు," అంది.

చెయ్యి నిలువునా లేచింది.

"ఆ కొక్కెం అందుకో. వేలాడు. విడిపించు. మళ్లీ. ఎడమ చేత్తో. మళ్లీ." మేస్త్రీ కూడా లాగి చూశాడు. ఆయన ఇక చాలన్నాక కూడా ఆమె "మళ్లీ" అంది. బల్లి విసుక్కోకుండా చేశాడు. అది కూడా ఆ వంశంలో కొత్తే.

"నేను నీతో మాట్లాడటం లేదు," అన్నాడు పిట్టగోడ ఎక్కుతూ.

"నువ్వు మాట్లాడక్కర్లేదు, చెయ్యెత్తితే చాలు."

వాడు వెనక్కి వాలి గోడ కిందికి పోయాడు. తాళ్లు బిగిశాయి. కత్తెరక్క రెండేళ్లలో మొదటిసారి పిట్టగోడ మీంచి వంగి కిందికి చూసింది. పచ్చటి వీపు, ఒక్క ముడత లేదు. ఎడమ చంక కింద మాత్రం తెంపడం మరిచిపోయిన దారం జానెడు వేలాడుతూ గాలికి ఊగుతోంది. ఆమె ఒళ్లు మండిపోయింది.

"ఒరేయ్! ఆ దారం లాగావంటే చంపేస్తా!"

కింద అద్దాల వెనక నుంచి పిల్లల అరుపులు. సజ్జకి కాస్త పైన బల్లి ఆగాడు. కొక్కెం పట్టేసింది. వాడి కుడిచెయ్యి లేచింది, భుజం దాటింది, చెవి దాటింది, తల దాటి పోయి కొక్కేన్ని అందుకుంది. అది టక్కుమని వదిలింది. వాడు పైకి చూడకుండానే ఆ చెయ్యి ఇంకా పైకెత్తి, అక్కకి కనిపించేలా వేళ్లు ఆడించాడు.

కత్తెరక్క సూది పైటకి గుచ్చుకుని, కత్తెర పిడికిట్లో పట్టుకుని, గబగబా మెట్లవైపు నడిచింది. వాడి కాలు నేల మీద పడేసరికి తను కింద ఉండాలి. ఆ దారం తెంపాలి. చెంప పగలగొట్టాలి. ఆ తర్వాత ఇంటికెళ్లి ఆ ఆకాశంతో మొదలుపెట్టాలి.